ఎడమ చేతి కొడవలి

నూతి గట్టు మీద నుంచి

అత్తకి,

లేదు, మోటారు ఇంకా కొనలేదు. నువ్వు అడగలేదు. కానీ నేల అనగానే నీ నోట్లోంచి వచ్చే మొదటి మాట అదేనని ముందే చెప్పేస్తున్నా.

నేల దొరికింది అత్తా. అరెకరం. మనం కూరగాయలు పండించిన పాత నేల మీద గోదాం కట్టారు కదా, ఆ గోదాం వెనక గోడ దాటితే ఇదే. నుయ్యి కూడా ఉంది. దాని గట్టు మీదే కూర్చుని రాస్తున్నా. ఆస్పత్రి వంటగదిలో పని మధ్య ఇదంతా చదవాలా, ఫోన్ చెయ్యొచ్చుగా అంటావ్. ఫోన్లో నాకు నోరు పెగలదని నీకు తెలుసు. మెసేజ్ అయినా సరే ఉత్తరంలా ఉండాలి, ఎక్కడి నుంచో ఎవరికో పైన పెట్టాలి అన్నావ్. పెట్టా. ఆరో క్లాసుతో బడి మానేసినవాడి రాత ఇంతే, తిట్టకు.

నేల గొడుగు తాతయ్యది. గుర్తొచ్చాడా? ఎండైనా వానైనా గొడుగు మడవడు. మన దగ్గర వంకాయలు కొనేటప్పుడు ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "ఏమంటోంది బాబాయ్, ధర తగ్గించమంటోందా" అని నువ్వు అరిచేదానివి. బజారంతా నవ్వేది.

షెడ్డులో బస్సులు కడిగి కడిగి పద్దెనిమిది వేలు దాచా. లెక్క ఇలా వేశా. మోటారుకి తొమ్మిది. మందు కొట్టే స్ప్రేయరుకి రెండు. పైపుకి రెండు. పార, గడ్డపార, కొడవలి, కలుపు తీసే దోకుడుపార అన్నీ కలిపి రెండు. విత్తనాలకి ఒకటి. కౌలు అడ్వాన్సు రెండు. అయిపోయింది. ఎరువుకి ఏం మిగల్లేదు.

నాన్న అయితే "బజార్లో నోరు తెరిచి అరవలేనివాడివి, ఏం అమ్ముతావురా" అన్నాడు. నిజమే కదా.

ఇంకో మాట. తాతయ్య ఒక షరతు పెట్టాడు. "పిల్లాడి చేతికి నేలివ్వను. మీ అత్త వచ్చి నా ఎదురుగా నిలబడితే ఇస్తా. ఆవిడ చెయ్యి నాకు తెలుసు" అన్నాడు.

నువ్వొస్తావా?

బుడంకాయ


ఆస్పత్రి వంటగది వెనక మెట్ల మీద నుంచి

ఒరే బుడంకాయా,

నీ లెక్క చూసి మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నా. ఆలు లేదు చూలు లేదు, నీకప్పుడే తొమ్మిది వేల మోటారా? నుయ్యి ఎండల్లో ఎన్ని నీళ్ళిస్తుందో తెలుసా? తెలీదు. మొదటి పంటకి అద్దె మోటారు తెచ్చుకో. పాతది చవగ్గా వస్తుందని మాత్రం కొనకు. గుర్రం గుడ్డిదైనా దాణా తక్కువ తినదు.

స్ప్రేయరు లెక్కలోంచి కొట్టెయ్. వారానికి ఒక పూట వాడేదానికి రెండు వేలెందుకు? పక్కవాళ్ళని అడుగు. అడగడానికీ నోరు పెగలదంటే ఒక సొరకాయ చేతిలో పట్టుకుని వెళ్ళి నిలబడు, వాళ్ళే ఇస్తారు.

మొదటి డబ్బు మట్టికి పెట్టాలి. పశువుల ఎరువు రెండు బళ్ళు తోలించు, బాగా మాగింది చూసి. వాసన వస్తోందంటే ఇంకా మాగలేదన్నమాట. రెండో డబ్బు కాటాకి. నవ్వకు. మనకి కాటా లేని రోజుల్లో మన కూరలు కొనే ఆ లావాటి వ్యాపారి బొటనవేలు తక్కెడలో రాళ్ళ వైపు పెట్టి తూచేవాడు. నువ్వు అప్పుడు ఇంతున్నావు, నా వెనక దాక్కుని "అత్తా, ఆయన వేలికి కూడా మనం కూరలు తూచి ఇస్తున్నామా" అన్నావు. నువ్వు బజార్లో నోరు విప్పింది ఆ ఒక్కసారే. ఆ మర్నాడే నేను కాటా కొన్నా.

టమాటా గోనెసంచిలో పొయ్యకు, బజారుకి వెళ్ళేసరికి రసమే మిగులుతుంది. పళ్ళ కొట్లవాళ్ళు పారేసే ప్లాస్టిక్ డబ్బాలు అడిగి తెచ్చుకో. పార, దోకుడుపార కొత్తవి వద్దు. పాత సామాన్ల కొట్లో ఇనుము ఏరుకుని కమ్మరాయనతో సాన పట్టించు. పిడి మాత్రం కొత్తది వెయ్యాలి, చేతి కొలత ఇచ్చి వేయించు. వేరేవాళ్ళ పిడి పట్టుకుంటే వాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది, పని సాగదు.

గంట కొట్టారు. వెళ్తున్నా.

అత్త


బస్సుల షెడ్డు నుంచి, మధ్యాహ్నం తిండి వేళ

అత్తకి,

కాటా కొన్నా. తూచడానికి ఏమీ లేక నాన్న చెప్పులు తూచా. ఒకటి ఎక్కువ బరువుంది. "ఏ కాలు మీద నిలబడతావు నాన్నా" అంటే నన్ను తరిమాడు.

ఎరువు తోలించా. నేల ఇంకా నాది కాదు కదా, అందుకే గోదాం గోడ పక్కన పోయించా. వాసన లేదు, చెయ్యి పెట్టి చూస్తే ఎండకి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తగలగానే అంతా గుర్తొచ్చేసింది. నువ్వు తెల్లారే మడిలో దిగేదానివి. నేను వెనకే. అమ్మ పోయాక నన్ను నీ వెంటే తిప్పుకున్నావు కదా, నాకు మొదట గుర్తున్నది నీ వీపే. నువ్వు ఎడమ చేత్తో తోటకూర కోసి, తిరిగి చూడకుండానే వెనక్కి చాపేదానివి. నేను అందుకుని బుట్టలో వేసేవాణ్ణి. ఒక్కసారీ కింద పడలేదు. పాలపొడి డబ్బాకి మేకుతో బెజ్జాలు కొట్టి నాకు నీళ్ళ డబ్బా చేసిచ్చావు. బజారుకి వెళ్ళేటప్పుడు క్యాబేజీల మీద పడుకునేవాణ్ణి. బండి చక్రం కీచు కీచు అంటుంటే "నూనె రాయకురా, అది ఆగితే నీకు మెలకువొచ్చేస్తుంది" అనేదానివి.

ఇప్పుడు బజార్లో నీళ్ళ డబ్బా కొనాలంటే మూడొందలు చెప్తున్నారు. మేకు తీసుకుని నేనే చేసుకున్నా.

అత్తా, నువ్వు అన్నిటికీ జవాబు రాశావు. ఒక్కదానికి రాయలేదు. సిమెంటు గొట్టాలాయన ఒకడు వచ్చి ఆ నేల అడుగుతున్నాడు, గొట్టాలు పేర్చుకోవడానికి. వానలు మొదలయ్యేదాకా మీ అత్త కోసం ఆగుతా అన్నాడు తాతయ్య. ఆ తర్వాత వాడికే ఇచ్చేస్తాడు.

ఒక్క రోజు వచ్చి నిలబడి వెళ్ళు, చాలు. తర్వాత ఉండాలనిపిస్తే ఉండు.

బుడంకాయ


ఆస్పత్రి నుంచి

బుడంకాయా,

సెలవు దొరకదురా. మనుషులు తక్కువున్నారు.

మీ నాన్నని నిలబడమను. వాడూ పెద్దవాడేగా. మీసం ఉంది.

ఎరువు మీద గోనె కప్పు. ఎండకి సారం పోతుంది. నారు ఒకేసారి పొయ్యకు, వారం వారం కొంచెం పోస్తే కాపు కూడా వారం వారం వస్తుంది. ఒకేసారి పండితే ఊరందరిదీ ఒకేసారి పండుతుంది, ధర ఉండదు.

నీళ్ళ డబ్బా నువ్వే చేసుకున్నావంటే బాగుంది.

అత్త


నూతి గట్టు మీద నుంచి

అత్తకి,

నాన్నని తీసుకెళ్ళా. చెప్తా విను.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. తాతయ్య గొడుగు కింద నుంచే నాన్నని కాళ్ళ నుంచి తలదాకా చూశాడు.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"బస్సు నడుపుతానండీ."

"వంకాయకి పురుగు పడితే ఏం చేస్తావు?"

నాన్న నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశా.

"మందు కొడతానండీ" అన్నాడు నాన్న.

"ఏ మందు?"

"మందు షాపులో అడుగుతానండీ."

"మరి మొక్కలు మందు షాపులోనే వేసుకోండి" అన్నాడు తాతయ్య.

దారంతా నాన్న "పొగరుబోతు ముసలాడు" అని గొణుగుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం "మీ అత్త ఉంటే మందు మాటే రాకపోను. పురుగు పట్టిన కొమ్మ తుంచి కాల్చేసేది" అని తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. నిన్ను రమ్మని అడగమంటే మాత్రం మాట మార్చేశాడు. మీరిద్దరూ ఏమైనా గొడవపడ్డారా?

సరే, ఇది నువ్వొచ్చాక చూపిద్దామనుకున్నా, ఆగలేక చెప్పేస్తున్నా. నీకు కొడవలి చేయించా. కమ్మరాయన నవ్వాడు. కొడవలి పళ్ళని కుడిచేతివాళ్ళకి కుదిరేలా ఒక వైపే సాన పడతారు, ఎడమ చేత్తో కోస్తే అది గడ్డి మీద జారిపోతుంది కదా. బజార్లో అన్నీ కుడివే. మన పాత నేల గోదాంకి పోయిన రోజు నీ సామానంతా తూకానికి అమ్మేశావు కాబట్టి పాతదీ లేదు. అందుకని రెండో వైపు సాన పట్టించి, పిడి కొత్తది వేయించా. దోకుడుపార కూడా అలాగే. లెక్కలో లేని ఖర్చు. మోటారు అద్దెకి తెచ్చుకోమన్నావుగా, అందులో మిగిలింది.

పట్టుకుంటే ఎంత బాగుందో. మబ్బులు వస్తున్నాయి అత్తా. ఎప్పుడొస్తున్నావ్?

బుడంకాయ


ఆస్పత్రి నుంచి

అవి అమ్మెయ్. ఎడమ చేతివాళ్ళు ఎవరైనా ఉంటే చూసి ఇచ్చెయ్.

నా కోసం ఏమీ కొనకు. నేను రాను.


బస్సుల షెడ్డు నుంచి

సరే.

ఇక్కడ వాన పడింది. గొట్టాలాయన టేపు పట్టుకుని నేల కొలుస్తున్నాడు.

అంత సామాను గురించి ఎందుకు చెప్పావు అయితే? ఎరువు, కాటా, డబ్బాలు, పిడి, నారు వారం వారం. రానిదానివి మొదట్లోనే రానంటే నేను మోటారు తొమ్మిది వేలు పెట్టి కొనేసి ఏదో ఒకటి చేసుకునేవాణ్ణి. ఫ్యాను కింద పని బాగుంటే బాగుందని చెప్పు. నాకేం కోపం లేదు.


ఆస్పత్రి నుంచి, వంటగది వైపు కాదు, టోకెన్ల కిటికీ దగ్గర నుంచి

నాన్నా,

నీకు కోపం వచ్చింది. మంచిదే, నీకూ కోపం వస్తుందని ఇప్పుడే తెలిసింది.

నేనిప్పుడు వంటగదిలో లేను. అక్కడ రొట్టెల పిండి కలిపే మిషను ఉండేది. గిన్నె అంచుకి పిండి అంటుకుంటే అది తిరుగుతుండగానే గీకడానికి చెయ్యి పెట్టా. ఎంతసేపు, కన్ను మూసి తెరిచినంత. ఏ పనికైనా నాకు ఎడమ చెయ్యే ముందు పోతుంది, నీకు తెలుసుగా. నవ్వొచ్చేది ఏంటంటే అంబులెన్సు కూడా అక్కర్లేకపోయింది. లిఫ్టు ఎక్కించి పై అంతస్తులో కుట్లేశారు. మీ నాన్న ఆ మధ్య "దూరం ట్రిప్పు పడింది" అని నాలుగు రోజులు రాలేదు చూడు, నా మంచం పక్కనే ఉన్నాడు. నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నా. వాడి మీద గొణక్కు.

వేళ్ళు ఉన్నాయిరా. ఐదూ ఉన్నాయి. ముడుచుకోవు, అంతే. గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని కుడి చేత్తో టోకెన్లు చింపి ఇస్తున్నా. ఈ మెసేజీలు కూడా కుడి బొటనవేలితోనే. దానికి ఇంకా అక్షరాలు రావడం లేదు, మొద్దు వెధవ.

సామాను గురించి ఎందుకు చెప్పానంటావా? నువ్వు పార, గడ్డపార, కొడవలి అని రాస్తుంటే నాకు ఆ మడి కనిపించింది. తడి కనిపించింది. నా వెనక నీ అడుగుల చప్పుడు వినిపించింది. చెప్పకుండా ఉండలేకపోయా. ఆ కాసేపు నా చెయ్యి బాగానే ఉన్నట్టు ఉండేది. ఆ ముసలాయన నా చెయ్యి తెలుసన్నాడు. ఆ చెయ్యి ఇప్పుడు లేదు. ఆయన ముందు ఏం మొహం పెట్టుకుని నిలబడను?

పిడి బాగుందన్నావు. అది చదివాక కిటికీ ముందు వరస ఆపేసి ఇంత సేపు కూర్చున్నా. జనం తిట్టుకున్నారు.

గొట్టాలాయనకి ఇచ్చెయ్యనీ. నీకింకా వయసుంది. నేల ఎక్కడో దొరుకుతుంది.

అత్త


నూతి గట్టు మీద నుంచి

అత్తకి,

నీ మెసేజ్ షెడ్డులో బస్సు మెట్ల మీద చదివా. తర్వాత ఆ ఒక్క బస్సే చాలాసేపు కడిగా. సూపర్‌వైజరు వచ్చి "అది పెళ్ళికి వెళ్తుందా ఏంటి" అన్నాడు.

నిన్న గొడుగు తాతయ్య దగ్గరికి వెళ్ళా. చెప్దామని నోరు తెరిచా, రాలేదు. అందుకని ఫోన్ తీసి నీ మెసేజ్ చూపించా. నీకు కోపం వస్తే రానీ. ఆయన గొడుగు చంకలో పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. వాన తుంపర పడుతోంది. ఆయన తడుస్తున్నాడు. గొడుగు మడిచి ఉండటం నేను మొదటిసారి చూశా.

ఫోన్ ఇచ్చేసి "ఆ కొడవలి ఉందా?" అన్నాడు.

సంచిలోంచి తీశా.

"గడ్డి కోయి."

గట్టు పక్కన మోకాలి ఎత్తు గడ్డి ఉంది. కూర్చుని కోశా. ఒక వరస అయ్యాక తిరిగి చూడకుండా చెయ్యి వెనక్కి చాపా. ఎందుకు చాపానో నాకే తెలీదు, అలవాటు. ఆ గడ్డి ఎవరో అందుకున్నారు. చూస్తే తాతయ్య.

"ఒరే, నువ్వు ఎడమచేతివాడివా?"

"కాదండీ. రాసేది కుడి చేత్తోనే. రాయి విసిరేదీ కుడే."

"మరి ఇదేంటి? ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. అత్త వెనక నడిచా."

అత్తా, నీకు ఒక సంగతి చెప్పలేదు. కమ్మరాయన పిడికి కొలత కావాలి, చెయ్యి చాపమన్నాడు. నువ్వు లేవుగా. నేనే చాపా. ఎడమది చాపా. ఆయన దారం పెట్టి కొలిచాడు. ఆ కొడవలి నీకనే చేయించా గానీ అది నా చేతికే కుదిరింది. ఇంక దాన్ని ఎవరికి అమ్మమంటావు?

తాతయ్య ఏమన్నాడో ఆయన మాటల్లోనే చెప్తా. "మీ అత్తని రమ్మను. పని చెయ్యడానికి కాదు, తిట్టడానికి. ఆవిడ నోటికే అప్పట్లో సగం పంట పండింది. నీలాంటి మూగవాడికి ఒక్కడికే ఇస్తే మొక్కలు కూడా సిగ్గుపడి కాయవు." గొట్టాలాయనకి వేరే చోటు చూసుకోమని కబురు పెట్టాడు. కానీ షరతు షరతే. నువ్వొచ్చి ఎదురుగా నిలబడాలంట. చెయ్యి ఎలా ఉన్నా సరేనంట.

నేను బజార్లో అరవలేను. ఆ లావాటి వ్యాపారి ఇంకా ఉన్నాడు, ఇంకా లావయ్యాడు. కాటా కొన్నా గానీ వాడి వేలు తియ్యమని చెప్పడానికి నాకు మాట రాదు. అది సామాను లెక్కలో ఎక్కడ రాయాలో తెలీక వదిలేశా.

బుడంకాయ


టోకెన్ల కిటికీ దగ్గర నుంచి

ఒరే మూగ బుడంకాయా,

నా మెసేజ్ ముసలాడికి చూపిస్తావా? వచ్చాక నీ సంగతి చెప్తా.

లెక్క మళ్ళీ మొదట్నుంచి వేసి పంపు. బండి రాశావా? కూరలు తలకెత్తుకుని వెళ్తావా బజారుకి? పాత బండి చక్రం ఎవరి దగ్గరైనా ఉందేమో మీ నాన్నని కనుక్కోమను. కీచుమంటే ఇంకా మంచిది. కంచె వల రాశావా? మేకలు నీలా సిగ్గుపడవు.

ఇంకోటి కూడా మర్చిపోయావు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిట్టాలంటే నేనెక్కడ కూర్చోవాలి? మట్టిలో కూర్చుంటే ఈ చెయ్యి ఊతం పెట్టి లేవలేను.

టోకెన్ల పనికి నెలాఖరు దాకానే ఉంటానని చెప్పా.

అత్త


మన నేల గట్టు మీద నుంచి

అత్తకి,

బండి రాశా. చక్రం దొరికింది, కీచుమంటోంది. నూనె రాయనివ్వలేదు. కంచె వల నాన్న కొన్నాడు, ఇస్త్రీ చొక్కా విప్పేసి గుంజలు కూడా పాతాడు. నెలాఖరుకి నువ్వొస్తున్నావంటే తాతయ్య సరేనన్నాడు, మొదటి నారు పోశా, కొంచెమే.

నీకు స్టూలు చేయిస్తున్నా. వడ్రంగాయన చెక్క కోసి పెట్టాడు, ఎత్తెంతో చెప్పమంటున్నాడు. నేను చెప్పలేకపోయా. నాకు గుర్తున్న నీ మోకాలు నా గడ్డం దగ్గర ఉండేది. నిద్రొస్తే దాని మీదే తల పెట్టేవాణ్ణి. ఇప్పుడు నేను నాన్న కంటే పొడుగు.

ఆయన స్టూలు కాళ్ళు కొయ్యకుండా రంపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. తొందరగా చెప్పు అత్తా, ఇప్పుడు నీ మోకాలు నాకు ఎక్కడికొస్తుంది?